ఇంటి కంప్యూటర్‌లో సంగీతం కూర్చడానికి అందుబాటు ధరలో సాఫ్ట్‌వేర్: ఎంపిక నుంచి లైసెన్సు దాకా

నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి ఊళ్ళలో ట్యూను కట్టగలిగినవారికి కొదవ లేదు. భజన మందిరంలో కీబోర్డు వాయించేవారు, చర్చిలో ఆదివారం క్వయర్‌ను నడిపేవారు, నాటకాలకు నేపథ్య సంగీతం సమకూర్చేవారు, లఘుచిత్రాలు తీసే కుర్రకారుకు పాట చేసిపెట్టేవారు ఏ పేటలో అడిగినా ఒకరిద్దరు కనబడతారు. వీరిలో చాలామంది ఇప్పటికీ ట్యూనును ఫోనులో పాడి దాచుకొని, గంటకింత అని అద్దె కట్టి స్టూడియోలో ట్రాక్ చేయించుకుంటున్నారు. ఆ పనిలో ముప్పాతిక వంతు ఇంట్లో ఉన్న కంప్యూటరే చేయగలదు. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ కొంత ఉచితంగానూ, మిగిలినది ఒక మోస్తరు ఫోను ధరలో సగానికీ దొరుకుతుంది.

అయితే ‘సినిమావాళ్ళు ఏది వాడతారు’ అన్న ప్రశ్నతో వెతుకులాట మొదలుపెడితే దారి తప్పుతుంది. వారి అవసరం వేరు, వారి గడువులు వేరు, వారి వెనుక ఇంజనీర్లు వేరు. మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: నేను కట్టే పాట, నా తాళంతో, నా గమకంతో సహా, ఇందులో మొదలై ఇందులోనే పూర్తవుతుందా? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు రాబట్టే క్రమాన్ని వివరిస్తుంది.

మొదటి మెట్టు: చేయబోయే పనిని కాగితం మీద పెట్టడం

సంగీతపు సాఫ్ట్‌వేర్ అంతా ఒకే రకం కాదు. కీబోర్డు మీద స్వరాలు వాయించి, వాటిని తెరమీద దిద్దుకుంటూ, ఒక్కొక్క వాద్యాన్ని ఒక్కొక్క ట్రాక్‌లో పేర్చుకుంటూ పోయేవారికి కావలసినది పూర్తిస్థాయి స్టూడియో సాఫ్ట్‌వేర్. దీనినే స్టూడియోలలో ‘డా’ అంటుంటారు. గొంతును రికార్డు చేసి, దగ్గులూ ఊపిరి చప్పుళ్ళూ తీసివేయడం వరకే పని అయితే ఆడాసిటీ ఒక్కటే సరిపోతుంది. అది ఉచితం, పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది, కానీ అందులో వాద్యాలు పేర్చి పాట కట్టడం కుదరదు. ఐదు గీతల పాశ్చాత్య లిపిలో రాసి, వయొలిన్ బృందానికో నాలుగు గొంతుల క్వయర్‌కో అచ్చు వేసి ఇవ్వాలనుకునేవారికి మ్యూజ్‌స్కోర్ ఉంది. అది కూడా పూర్తిగా ఉచితం, దానితోపాటు ఉచితంగా దించుకొనే వాద్య శబ్దాలు కూడా మంచి నాణ్యత కలవి. సరిగమలలో రాసుకొనే అలవాటున్నవారికి, అంటే నెల్లూరులో 2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టుకున్న ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల వంటి చోట్ల నేర్చుకున్నవారికి, మ్యూజ్‌స్కోర్ అక్కర ఉండదు. నోటు పుస్తకమే చాలు.

కాగితం మీద రాయవలసినవి నాలుగైదు సంగతులే. గొంతు కూడా ఇంట్లోనే రికార్డు చేస్తారా, లేక ట్రాక్ మాత్రం చేసి గొంతుకు స్టూడియోకు వెళతారా? ఒక పాటలో సుమారు ఎన్ని వాద్యాలు ఉంటాయి? డప్పు, డోలక్, వీణ, నాదస్వరం వంటివి తప్పనిసరా? పాటకు డబ్బు తీసుకుంటారా? చివరి ప్రశ్న ఎందుకంటే, కొన్ని విద్యార్థి లైసెన్సులు వ్యాపార వినియోగాన్ని ఒప్పుకోవు.

రెండవ మెట్టు: ఉన్న కంప్యూటర్‌ను పరీక్షించడం

కొత్త కంప్యూటర్ కొనాలన్న ఆలోచనను ఇక్కడే పక్కన పెట్టవచ్చు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న సాధారణ ల్యాప్‌టాప్‌లో ఇరవై ముప్పై ట్రాకుల పాట సాఫీగా నడుస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్నా పని ఆగదు కానీ, పెద్ద శాంపిల్ లైబ్రరీల, అంటే అసలు వాద్యాలను వాయించి రికార్డు చేసిన శబ్దాల పోగుల, జోలికి పోకుండా శబ్దాన్ని తామే పుట్టించే తేలికపాటి సింథ్‌లతో, ఒకే ఫైలులో వాద్య శబ్దాలు ఇమిడిన చిన్న సౌండ్‌ఫాంట్‌లతో సరిపెట్టుకోవాలి. పాత హార్డ్ డిస్కు మాత్రం నిజంగా అడ్డుపడుతుంది. శాంపిల్స్ చదవడానికి అది పడే తంటా వల్ల పాట మధ్యలో తెగిపోతుంటుంది. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే మొదటి ఖర్చు ఎస్ఎస్‌డీ మీద పెట్టడం ఏ సాఫ్ట్‌వేర్ కొనడం కంటే మేలు.

డిస్కులో ఎంత చోటు కావాలో లెక్క కట్టుకోవడం సులువే. 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో మోనో గొంతు ట్రాక్ నిమిషానికి సుమారు 8 ఎంబీ పడుతుంది, స్టీరియో అయితే 16 ఎంబీ. ఐదు నిమిషాల పాటకు పది టేకులు ఉంచుకున్నా 400 ఎంబీ దాటదు. చోటు తినేవి రికార్డింగులు కావు, వాద్యాల లైబ్రరీలు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు దానిని మూలన పడేయనక్కరలేదు. ఉబుంటు స్టూడియో అనే ఉచిత లినక్స్‌లో ఆర్డోర్ అనే మంచి స్టూడియో సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించి ఉంటుంది. కానీ ఒక హెచ్చరిక: విండోస్ కోసం తయారైన ప్లగిన్లలో, అంటే స్టూడియో సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకొనే వాద్యాలు, ఎఫెక్టుల్లో, చాలావాటికి లినక్స్ వెర్షన్ ఉండదు. మన వాద్యాల శబ్దాల కోసం వెతికే వారికి ఇది పెద్ద లోటు. పక్కన కూర్చుని సాయం చేసే మనిషి ఉంటే తప్ప సంగీతమూ లినక్సూ ఒకేసారి నేర్చుకోవాలని ఎవరికీ సలహా ఇవ్వలేము.

మూడవ మెట్టు: పేర్లను జల్లెడ పట్టడం

యాపిల్ కంప్యూటర్ ఉన్నవారి వెతుకులాట గ్యారేజ్‌బ్యాండ్‌తో ముగిసిపోతుంది. అది కంప్యూటర్‌తో ఉచితంగానే వస్తుంది, మొదటి పది పాటలకు అంతకు మించినది అవసరం రాదు. మిగిలిన చర్చ విండోస్ వారి కోసం.

ఎల్ఎంఎంఎస్ పూర్తి ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా బహిరంగమే. బీట్లు, సింథ్ ధ్వనులు, కీబోర్డు స్వరాలు పేర్చుకోవడానికి చక్కగా ఉంటుంది, తక్కువ శక్తి గల కంప్యూటర్‌లో కూడా కదులుతుంది. అయితే దాని స్థిరమైన 1.2 వెర్షన్లో మైకు పెట్టి గొంతు రికార్డు చేసే సదుపాయం లేదు. గొంతును ఆడాసిటీలో రికార్డు చేసి ఇక్కడికి తెచ్చి అతికించుకోవాలి. ఒకటి రెండు పాటలకు ఓర్చుకోవచ్చు, తరువాత విసుగు పుడుతుంది.

వేవ్‌ఫార్మ్ ఫ్రీ పేరుకు తగ్గట్టు ఉచితమే. ట్రాకుల సంఖ్యకు పరిమితి లేదు, గొంతు రికార్డు అవుతుంది, బయటి ప్లగిన్లు పనిచేస్తాయి. దాని తెర అమరిక మిగతా వాటికి భిన్నంగా ఉండటం వల్ల యూట్యూబులో తెలుగు పాఠాలు చూసి నేర్చుకునేవారు మొదటి వారం తికమకపడతారు. కేక్‌వాక్ కథ కాస్త మలుపులు తిరిగింది. ఒకప్పుడు బాగా ఖరీదైన ఆ సాఫ్ట్‌వేర్‌ను బ్యాండ్‌ల్యాబ్ సంస్థ 2018లో ఉచితం చేసింది. తరువాత దానిని సోనార్ పేరుతో కొత్తగా తెచ్చి, అందులోనూ ఒక ఉచిత శ్రేణిని ఉంచింది. విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది, గొంతు రికార్డింగుకూ మిక్సింగుకూ ఒడ్డూ పొడుగూ ఉన్న సాఫ్ట్‌వేర్. అదే సంస్థది బ్రౌజర్‌లోనే నడిచే బ్యాండ్‌ల్యాబ్ ఒకటి ఉంది కానీ, ఇంటర్నెట్ నిలకడగా లేని పల్లెల్లో దానిమీద ఆధారపడటం కష్టం.

డబ్బు పెట్టి కొనేవాటిలో ఈ వ్యాసకర్త మొగ్గు రీపర్ వైపు. దాని వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు, అంటే మారకపు రేటును బట్టి ఐదు వేల రూపాయల పైచిలుకు. సంగీతం మీద ఏడాదికి 20,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్నవారందరికీ ఈ ధరే వర్తిస్తుంది కనుక మనలో ఎవరూ 225 డాలర్ల వ్యాపార లైసెన్సు గురించి దిగులుపడనక్కరలేదు. 60 రోజులు ఏ సదుపాయమూ తగ్గించకుండా వాడి చూడనిస్తారు. సాఫ్ట్‌వేర్ చాలా చిన్నది, ఫోను డేటాతోనే దించుకోవచ్చు, పాత కంప్యూటర్‌ను కూడా ఇబ్బంది పెట్టదు. ఏడవ వెర్షన్‌కు కొన్న లైసెన్సు ఎనిమిదవ వెర్షన్ చివరిదాకా చెల్లుతుంది. దీని లోటు ఒక్కటే: వాద్యాలు దాదాపు ఉండవు. తెరవగానే ఖాళీ గది కనబడుతుంది, సామాను మనమే తెచ్చుకోవాలి.

ఎఫ్ఎల్ స్టూడియో మన వైపు కుర్రవాళ్ళలో ఎక్కువగా వినబడే పేరు. ఒకసారి కొంటే జీవితకాలం కొత్త వెర్షన్లు ఉచితంగా ఇవ్వడం దాని గొప్పతనం. కానీ కొనబోయే ముందు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో గొంతు రికార్డింగు లేదు. అది కావాలంటే ప్రొడ్యూసర్ ఎడిషన్ కొనాలి. ట్రయల్ వెర్షన్లో దాచిన పాటను లైసెన్సు కొనేవరకు తిరిగి తెరవలేరు. రాత్రంతా కూర్చుని కట్టిన ట్యూను పొద్దున తెరుచుకోకపోతే పడే బాధ అంతా ఇంతా కాదు.

కొత్తగా మిడీ కీబోర్డు, అంటే ఏ మెట్టు నొక్కామో కంప్యూటర్‌కు చెప్పే కీబోర్డు గానీ, ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకునూ వాద్యాన్నీ కంప్యూటర్‌కు కలిపే పరికరం గానీ కొనేవారు డబ్బా వెనుక రాసినది చదవాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ వంటి వాటితో ఏబుల్‌టన్ లైవ్ లైట్, స్టైన్‌బర్గ్ పరికరాలతో క్యూబేస్ చిన్న వెర్షన్లు ఉచితంగా వస్తాయి. ట్రాకుల సంఖ్య పరిమితమే అయినా ఒక పాటకు సరిపోతాయి. సెకండ్ హ్యాండ్‌లో పరికరం కొంటే ఆ కోడ్‌ను పాత యజమాని వాడేసి ఉండవచ్చు కనుక దానికి విలువ కట్టకుండా బేరం ఆడాలి.

నాలుగవ మెట్టు: తాళంతో, గమకంతో పరీక్ష

జల్లెడలో మిగిలిన రెండు సాఫ్ట్‌వేర్లను ఎక్కించి, రెండింటిలోనూ ఒకే చిన్న ట్యూనును కట్టి చూడాలి. ఎంపికకు ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. ఆ ట్యూనులో మనకు నిత్యం అవసరమయ్యేవన్నీ ఉండేలా చూసుకోవాలి.

ముందు తాళం. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ తెరవగానే నాలుగు బై నాలుగులో ఉంటాయి. ఆదితాళానికి ఇబ్బంది లేదు, ఒక అక్షరానికి ఒక బీటు లెక్కన రెండు బార్లు ఒక ఆవర్తనం అవుతాయి. మిశ్రచాపు కావాలంటే ఏడు బై ఎనిమిది పెట్టాలి, ఖండచాపుకు ఐదు బై ఎనిమిది. తిశ్ర గతిలో నడిచే జానపద పాటకు ఆరు బై ఎనిమిది పెట్టడం గానీ, గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు మార్చడం గానీ చేయాలి. ఇక్కడ చూడవలసినది తాళం పెట్టగలమా అన్నది మాత్రమే కాదు, క్లిక్, అంటే మెట్రోనోమ్ కొట్టే లయ చప్పుడు, ఎక్కడ ఒత్తి పలుకుతుందన్నది కూడా. మామూలు మిశ్రచాపులో విరుపు మూడు, నాలుగుగా ఉంటుంది. విలోమ చాపులో అది నాలుగు, మూడుగా తిరగబడుతుంది. ఈ విలోమ నడకను విశేషంగా వాడిన శ్యామశాస్త్రి పూర్వీకులు మన పడమటి వైపునున్న కంభం ప్రాంతం నుంచి దక్షిణాదికి వెళ్ళినవారని చెబుతారు కనుక, ఆ నడకను కంప్యూటర్‌కు నేర్పవలసిన బాధ్యత మనకు కాస్త ఎక్కువే ఉంది. రీపర్‌లో మెట్రోనోమ్ ఒత్తులను మన ఇష్టం వచ్చినట్లు మార్చుకోవచ్చు. ఆ వీలు లేని సాఫ్ట్‌వేర్‌లో క్లిక్‌ను ఆపివేసి, ఒక ట్రాక్‌లో తాళం చప్పుడును మనమే రాసుకొని దానినే వింటూ వాయించాలి. చేయవచ్చు, కానీ ప్రతి పాటకూ చేయాలి.

తరువాత శ్రుతి. పాడేవారిది ఒకటి శ్రుతి అయితే షడ్జం సి మీద, ఐదున్నర అయితే జి షార్ప్ మీద ఉంటుంది. సాధకులు సి నుంచే ట్యూను కట్టుకోవడం తేలిక. మాయామాళవగౌళ అయితే సి, సి షార్ప్, ఇ, ఎఫ్, జి, జి షార్ప్, బి మెట్లు. పాడే మనిషి ఖాయమయ్యాక మిడీ స్వరాలన్నింటినీ ఒక్కసారిగా ఎంచి, కావలసినన్ని మెట్లు పైకో కిందికో జరపవచ్చు. ఈ జరుపుడు ఎన్ని క్లిక్కులలో అవుతుందో చూడండి. ఆఖరి నిమిషంలో ‘అన్నా, అర శ్రుతి తగ్గించు’ అని అడగని గాయకుడు ఇంకా పుట్టలేదు.

అన్నింటికంటే ముఖ్యం గమకం. కీబోర్డు మెట్టు నొక్కితే వచ్చేది నిలువు స్వరం. తోడి గాంధారాన్ని అలా నిలువుగా పలికిస్తే అది తోడి కాదు. కదలికను పిచ్ బెండ్ ద్వారా తేవాలి. దీని లోపలి లెక్క తెలిస్తే భయం పోతుంది. పిచ్ బెండ్ చక్రం పూర్తిగా పైకి తిప్పితే స్వరం ఎంత పైకి పోవాలన్నది వాద్యంలో మనం పెట్టే హద్దు. మామూలుగా అది రెండు అర్ధస్వరాలు ఉంటుంది. షడ్జం సి మీద ఉంటే తోడి సాధారణ గాంధారం డి షార్ప్ మెట్టు. అక్కడి నుంచి రెండు అర్ధస్వరాలు పైకి పోతే ఎఫ్, అంటే శుద్ధ మధ్యమం. రెండు కిందికి వస్తే సి షార్ప్, అంటే శుద్ధ రిషభం. కాబట్టి రిషభ మధ్యమాల నడుమ ఊగే ఆ గాంధారపు కంపితం మొత్తం మామూలు హద్దులోనే ఇమిడిపోతుంది. అదే షడ్జం నుంచి పంచమానికి జారు కావాలంటే ఏడు అర్ధస్వరాల దూరం, రెండు చాలవు; హద్దును పన్నెండుకు పెంచాలి. పెంచితే మరో చిక్కు వస్తుంది. బెండ్ విలువలు మధ్య నుంచి పైకి 8,191 దాకా, కిందికి 8,192 దాకా ఉంటాయి. హద్దు రెండైతే ఒక అర్ధస్వరానికి సుమారు 4,096 మెట్లు, పన్నెండైతే 683 మాత్రమే. అప్పుడు తెరమీద మౌస్‌తో గీసే గీత కాస్త వణికినా స్వరం ఎక్కడికో పోతుంది. అందుచేత జారు ఎక్కువగా ఉన్న చరణాన్ని వేరే ట్రాక్‌లో, వేరే హద్దుతో పెట్టుకోవడం తెలివైన పని.

పిచ్ బెండ్ ఒక స్వరానికి కాదు, ఆ మిడీ ఛానల్ మొత్తానికి వర్తిస్తుందన్నది కూడా మరవరాదు. తంబూరా శ్రుతినీ వీణ స్వరాన్నీ ఒకే ట్రాక్‌లో పెడితే వీణతోపాటు తంబూరా కూడా ఊగుతుంది. పరీక్షలో చూడవలసినది ఇది: స్వరాల కింద బెండ్ గీతను గీయడం, దిద్దడం, ఒక చోటి కదలికను నకలు తీసి మరో చోట అతికించడం ఎంత సుఖంగా ఉన్నాయి? రీపర్, కేక్‌వాక్ ఈ పనిలో సుఖం. ఎల్ఎంఎంఎస్‌లో ఇదే పని ఓపిక కోరుతుంది.

చివరగా గొంతుతో నాలుగు వరుసలు రికార్డు చేసి, పాటను వేవ్ ఫైలుగా బయటికి తీసి, సాఫ్ట్‌వేర్‌ను మూసి, మరునాడు తిరిగి తెరిచి చూడాలి. అన్నీ పెట్టినచోటే ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ పరీక్ష నెగ్గినట్లే.

ఐదవ మెట్టు: వాద్యాల శబ్దాలు సమకూర్చుకోవడం

ఖర్చు అంతా నిజానికి ఇక్కడ మొదలవుతుంది, మోసపోవడం కూడా ఇక్కడే ఎక్కువ. 1991లో ఖాయమైన జనరల్ మిడీ పట్టికలో 128 వాద్యాలు ఉన్నాయి. వాటిలో 105వ స్థానంలో సితార్, 112వ స్థానంలో షెహనాయి ఉన్నాయి కానీ వీణ లేదు, నాదస్వరం లేదు, మృదంగం లేదు. అందుకే ఉచిత సౌండ్‌ఫాంట్ ఎక్కించగానే పియానోలు, వయొలిన్లు బ్రహ్మాండంగా పలికి, మన వాద్యాల దగ్గరికి వచ్చేసరికి ఖాళీ కనబడుతుంది.

ఉచితంగా దొరికే మంచి సరుకు తక్కువేమీ కాదు. సింథ్ ధ్వనులకు సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ ఉచిత వెర్షన్. డ్రమ్స్‌కు ఎంటీ పవర్ డ్రమ్ కిట్. తీగ వాద్యాల బృందానికి సుమారు 200 ఎంబీ మాత్రమే ఉండే బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్. గుడి మండపంలో పాడినట్టు ప్రతిధ్వని రావడానికి వాల్హల్లా సూపర్‌మాసివ్. సౌండ్‌ఫాంట్‌లలో జనరల్ యూజర్ జీఎస్ చిన్నది, 4 జీబీ ర్యామ్ ఉన్నవారికి అనువైనది. వీటన్నింటినీ తయారుచేసినవారి సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి.

భారతీయ వాద్యాలకు స్వర్ సిస్టమ్స్ వారి స్వర్‌ప్లగ్ వంటివి ఉన్నాయి, అవి డబ్బు పెట్టి కొనవలసినవి. మరికొన్ని లైబ్రరీలు కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటాయి. ఇక్కడ ఒక గోతిని చూసి నడవాలి. కాంటాక్ట్ ప్లేయర్ ఉచితం, కానీ చాలా లైబ్రరీలు పూర్తి కాంటాక్ట్ ఉంటేనే సక్రమంగా పనిచేస్తాయి. ఉచిత ప్లేయర్‌లో అవి పదిహేను నిమిషాల డెమోగా నడిచి ఆగిపోతాయి. రెండు వేలకు తబలా లైబ్రరీ చవకగా వచ్చిందని కొన్న తరువాత దానిని తెరవడానికి అంతకు పది రెట్లు పెట్టవలసి రావచ్చు. ‘ఫ్రీ ప్లేయర్‌లో పనిచేస్తుంది’ అని స్పష్టంగా రాసి ఉంటేనే కొనాలి.

ఇంట్లో ఇప్పటికే యమహా పీఎస్ఆర్-ఐ వరుస కీబోర్డు ఉన్నవారు అదృష్టవంతులు. భారతీయ మార్కెట్టు కోసం చేసిన ఆ కీబోర్డుల్లో తబలా, సితార్, తంబూరా వంటి శబ్దాలు ముందే ఉంటాయి. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే అదే మిడీ కీబోర్డు అవుతుంది, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు తీగ వేస్తే దాని శబ్దాలు రికార్డవుతాయి. భజన మందిరాల్లోనూ చర్చిల్లోనూ ఇవి విరివిగా ఉన్నాయి, కొత్తగా మిడీ కీబోర్డు కొనే ఖర్చు తప్పుతుంది.

డప్పు విషయంలో మాత్రం ఏ లైబ్రరీనీ నమ్ముకోవద్దని గట్టిగా చెప్పవచ్చు. ఊళ్ళో డప్పు కళాకారుడిని పిలిచి, తగిన పైకం ఇచ్చి, తలుపులు మూసిన గదిలో ఫ్యాను ఆపి, చిటికెన పుల్ల దెబ్బ వేరుగా, సిర్ర దెబ్బ వేరుగా, మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు స్థాయిల్లో కొట్టించి రికార్డు చేసుకోవాలి. ఫోనును డప్పుకు మరీ దగ్గరగా పెడితే శబ్దం పగిలిపోతుంది, నాలుగైదు అడుగుల దూరం ఉంచాలి. ప్రతి దెబ్బకూ నాలుగైదు నకళ్ళు కొట్టించాలి, ఎందుకంటే ఒకే దెబ్బను మళ్ళీ మళ్ళీ వాడితే వినేవారికి అది యంత్రమని ఇట్టే తెలిసిపోతుంది. తరువాత ఆడాసిటీలో దెబ్బ మొదలైన చోటునే సరిగ్గా కత్తిరించి, ముందు ఖాళీ ఏమాత్రం లేకుండా, విడివిడి వేవ్ ఫైళ్ళుగా దాచాలి. రీపర్‌లో రీసాంప్లోమాటిక్, ఎల్ఎంఎంఎస్‌లో ఆడియోఫైల్ ప్రాసెసర్ అనే భాగంలో ఆ ఫైలును వేస్తే కీబోర్డు మెట్టు నొక్కగానే డప్పు పలుకుతుంది. డప్పు చర్మాన్ని మంట దగ్గర కాచిన వెంటనే ఒకసారి, చల్లారాక మరోసారి రికార్డు చేసుకుంటే రెండు వేరు వేరు డప్పులు చేతికి వచ్చినట్లే.

ఉచిత లూపుల, అంటే తిప్పి తిప్పి వాడుకొనే చిన్న రికార్డింగు ముక్కల, గురించి ఒక్క మాట. అవే లూపులతో ఎవరో ముందే పాట చేసి యూట్యూబులో హక్కు నమోదు చేసుకుని ఉంటే మీ పాటకు కాపీరైటు నోటీసు రావచ్చు. లూపును ఉన్నదున్నట్లు నిలబెట్టకుండా, పైన ట్యూను, కింద బాసు కలిపి వాడితే ఆ బెడద తగ్గుతుంది.

ఆరవ మెట్టు: ఆలస్యాన్ని తగ్గించడం

మెట్టు నొక్కిన కాసేపటికి శబ్దం రావడం కొత్తవారిని బాగా చికాకుపెడుతుంది. చాలామంది ఇది సాఫ్ట్‌వేర్ లోపమనుకుని మరొకటి వెతుకుతారు. కారణం బఫర్, అంటే శబ్దాన్ని బయటికి పంపే ముందు కంప్యూటర్ పోగుచేసుకొనే శాంపిళ్ళ లెక్క. 44,100 శాంపిల్ రేటులో 1,024 బఫర్ పెడితే సుమారు 23 మిల్లీసెకన్లు, 256 పెడితే సుమారు 6 మిల్లీసెకన్ల ఆలస్యం దాని వల్లనే వస్తుంది. వాయించేటప్పుడు బఫర్ తగ్గించి, మిక్సింగులో పెంచుకోవాలి. విండోస్‌లో మామూలు డ్రైవర్‌కు బదులు ఆసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకుంటే చాలా తేడా కనబడుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నవారు దానితో వచ్చిన సొంత డ్రైవరే వాడాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఈ పనికి పూర్తిగా పనికిరాదు, తీగ ఉన్నదే కావాలి.

ఏడవ మెట్టు: చెల్లింపు, లైసెన్సు

క్రాక్, అంటే లైసెన్సు తాళం విరిచిన దొంగ నకలు, దాని సంగతి దాటవేయడం కుదరదు, ఎందుకంటే చాలామందికి మొదట అందేది అదే. సర్వీసింగ్ షాపులో అడిగితే పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చేవారు, టెలిగ్రామ్‌లో ఐదు వందలకు ‘లైఫ్‌టైమ్ లైసెన్సు’ అమ్మేవారు ఉన్నారు. వాటిని ఎక్కించడానికి యాంటీవైరస్ ఆపమంటారు; అక్కడితో కంప్యూటర్‌లోని బ్యాంకు వివరాల దగ్గర నుంచి పాటల ఫైళ్ళ దాకా తాళం లేకుండా వదిలినట్లే. పైగా ఉచితంగా, న్యాయంగా దొరికేవి ఇన్ని ఉండగా ఆ అవసరమే లేదు.

కొనదలచినవారు ముందుగా బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులను తెరవాలి. సాధారణంగా అవి మూసి ఉంటాయి. కొనుగోలు పూర్తికాగానే తిరిగి మూసివేయాలి. తెరమీద కనబడే డాలర్ల ధరకు పన్ను, బ్యాంకు తీసుకునే మారకపు రుసుము అదనంగా పడతాయి కనుక చేతిలో ఐదో వంతు ఎక్కువ ఉంచుకోవడం మంచిది. ఏటా నవంబరు చివరి వారంలో ప్లగిన్ కంపెనీలు భారీగా ధరలు తగ్గిస్తాయి. వేసవిలో పరీక్షించి, అప్పటిదాకా ఉచిత వెర్షన్లతో పని నడిపి, నవంబరులో కొనేవారికి సగానికి సగం మిగులుతుంది. రీపర్‌కు మాత్రం ఆ ఎదురుచూపు అనవసరం, దాని ధర ఏడాది పొడవునా ఒకటే.

ఆడియో ఇంటర్‌ఫేస్, మైకు వంటివాటిని కళ్ళతో చూసి కొనాలనుకునే నెల్లూరు వారికి చెన్నై దగ్గర. మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ వంటి దుకాణాల్లో చెవికి పెట్టుకుని విని చూడవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను మాత్రం దుకాణంలో అడగనక్కరలేదు, తయారీదారు వెబ్‌సైట్ నుంచే కొనాలి.

లైసెన్సు ఫైలు, సీరియల్ నంబరు వచ్చిన ఈమెయిల్‌ను ముద్రించి కంప్యూటర్ బిల్లుతోపాటు దాచాలి, ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో ఉంచాలి. విండోస్ మళ్ళీ ఎక్కించవలసి వస్తే కొన్ని ప్లగిన్లు పాత కంప్యూటర్‌ను ఖాతాలోంచి తొలగించందే కొత్తదానిలో తెరుచుకోవు, కనుక ఫార్మాట్ చేయించే ముందు ఆ పని ముగించాలి. పూర్తయిన ప్రతి పాటకూ ప్రాజెక్టు ఫైలుతోపాటు ఒక్కొక్క వాద్యాన్ని విడి వేవ్ ఫైలుగా తీసి దాచితే, రేపు సాఫ్ట్‌వేర్ మార్చినా, పాటను స్టూడియోలో మిక్సింగుకు ఇచ్చినా అవి ఎక్కడైనా తెరుచుకుంటాయి. ఆటో సేవ్‌ను ఐదు నిమిషాలకు ఒకసారి పెట్టుకోవాలి, డెస్క్‌టాప్ వాడేవారికి చిన్న యూపీఎస్ కూడా ఉండాలి. రోహిణి కార్తెలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పి పోదు.